పట్టాల మీద తారు పోసిన ఊళ్ళు

అందరికీ నమస్కారం అండి. వెనక కుర్చీల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ట్రాం గురించి, అంటే రోడ్డు మీద వేసిన పట్టాల మీద నడిచే బండి గురించి మాట్లాడమని పిలిచారు. మన వైజాగ్‌లో ఎప్పుడూ ట్రాం లేదు, విజయవాడలో లేదు, హైదరాబాద్‌లో లేదు, మరి మనకెందుకు ఈ గోల అని ఎవరైనా అనుకుంటే తప్పేం లేదు. కానీ తెలుగువాళ్ళు ట్రాం ఎక్కారండి, రెండు మూడు తరాలు ఎక్కారు. మద్రాసు మనకీ రాజధానిగా ఉన్న రోజుల్లో హైకోర్టు పని మీద వెళ్ళినవాళ్ళు, కాలేజీలో చేరినవాళ్ళు, అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దుకున్నవాళ్ళు, వీళ్ళంతా ఊళ్ళో తిరగాలంటే ట్రామే కదా. కలకత్తాలో ఎక్కారు. ఇవాళ మెల్‌బోర్న్‌లో చదువుకునే మన పిల్లలు రోజూ ఎక్కుతున్నారు.

నేను ఖరగ్‌పూర్‌లో పెరిగినదాన్ని. అక్కడి రైల్వే వర్క్‌షాపు వల్ల మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిపోయిన కుటుంబాలు బోలెడు, మాదీ అందులో ఒకటి. తర్వాత ఉద్యోగం కలకత్తాలో, కాపురం కలకత్తాలో. అందుకని చదివి తెలుసుకున్నవి కొన్ని, కిటికీ పక్కన కూర్చుని చూసినవి కొన్ని, రెండూ కలిపేసి చెప్తాను, ఒక వరసలో రాకపోతే సర్దుకోండి.

చెప్పదల్చుకున్నది మాత్రం ఒక్కటే, దాన్ని ఇప్పుడే చెప్పేస్తాను. ట్రాం పాతబడిపోయి చచ్చిపోదండి. దాని దారి తీసుకెళ్ళి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తే చచ్చిపోతుంది. ఏ ఊరు తీసుకోండి, ట్రాం పోయిన ప్రతి చోటా మీకు ఇదే కథ కనిపిస్తుంది.

మద్రాసుతో మొదలుపెడదాం. 1895 మే 7న మద్రాసులో కరెంటు ట్రాం మొదలైంది. దేశం మొత్తం మీద మొదటి కరెంటు ట్రాం అదే. అప్పటికి కలకత్తాలో గుర్రాలు లాగుతున్నాయి, బొంబాయిలో గుర్రాలు లాగుతున్నాయి. ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఆముదం దీపాలు, కిరసనాయిలు బుడ్లు, వీధిలో మాత్రం ఎద్దూ గుర్రం లేకుండా కదిలిపోయే బండి, చూసినవాళ్ళకి ఎలా ఉండేదో ఊహించుకోండి. మొదట్లో పైన తీగలు కూడా లేవు. రెండు పట్టాల మధ్య రోడ్డులో సన్నటి గాడి పెట్టి దాని అడుగున కరెంటు ఉంచారు, బండి కింద నుంచి ఒక కాడ ఆ గాడిలోకి దిగి కరెంటు అందుకునేది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ మద్రాసు వానలకి ఆ ఏర్పాటు తట్టుకోలేకపోయింది, తర్వాత స్తంభాలు పాతి పైన తీగ లాగారు.

మౌంట్ రోడ్డు, ప్యారీస్ కార్నర్, పూనమల్లి రోడ్డు, రిప్పన్ బిల్డింగ్, హార్బర్ వైపు, ఇలా ఊరంతా కలుపుకుంటూ 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాలు, 97 బండ్లు. చివరికి కంపెనీ దివాలా తీసింది, 1953 ఏప్రిల్ 12తో ఆగిపోయింది.

ఆ తేదీ ఒకసారి మన కాలెండర్లో పెట్టి చూడండి. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులోనే ప్రాణం విడిచారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సరిగ్గా ఈ రెండింటి మధ్యలో మద్రాసు ట్రాం ఆగింది. మద్రాసు ఎవరిది అని అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ కొట్లాడుకుంటున్న నెలల్లో మద్రాసు రోడ్డు మీద జనం కోసం ఉన్న దారి మాత్రం నిశ్శబ్దంగా పోయింది. మనవాళ్ళు అక్కడి నుంచి కర్నూలు వచ్చారు, తర్వాత హైదరాబాద్, ఆఫీసులొచ్చాయి, ఫైళ్ళొచ్చాయి, పత్రికలొచ్చాయి, సినిమా వాళ్ళు కొంచెం ఆలస్యంగా వచ్చారు, అన్నీ వచ్చాయి. రోడ్డు మధ్యలో పదిమందీ ఎక్కే బండికి విడిగా చోటు ఉంచాలన్న అలవాటు మాత్రం రాలేదు. నాకు ఇది చాలా పెద్ద నష్టంగా అనిపిస్తుంది, దీని గురించి ఎవరూ బాధపడగా నేను వినలేదు.

బొంబాయి సంగతి క్లుప్తంగా చెప్తాను. 1874 మే 9న కొలాబా నుంచి పైధోనీ దాకా గుర్రాల ట్రాం, 1907లో కరెంటు, 1920లో డబుల్ డెక్కర్ కూడా వచ్చింది. 1964 మార్చి 31 రాత్రి ఆఖరి బండి బోరీబందర్ నుంచి దాదర్ వెళ్ళింది. కాన్పూర్లో 1933లోనే తీసేశారు, ఢిల్లీలో అరవైల్లో పోయింది. అప్పట్లో ప్రపంచమంతా అదే గాలి, లండన్‌లో 1952లో తీసేశారు, సిడ్నీలో 1961లో. కారు ఉన్నవాడే మనిషి అన్న కాలం అది, బస్సయితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, పట్టాలు అడ్డం అన్నారు.

అందరూ తీసేస్తున్నప్పుడు మన దేశంలో తీసెయ్యని ఊరు ఒక్కటే, కలకత్తా.

కలకత్తాలో మొదటి ప్రయత్నం 1873 ఫిబ్రవరి 24న. సియాల్దా నుంచి హుగ్లీ ఒడ్డున ఆర్మేనియన్ ఘాట్ దాకా, నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు, గుర్రాలు లాగే బండి. జనం చాలక నష్టం వచ్చి అదే ఏడు నవంబర్లో ఆపేశారు. మళ్ళీ 1880లో మొదలైంది, ఈసారి లండన్లో రిజిస్టరైన కలకత్తా ట్రాంవేస్ కంపెనీ, లార్డ్ రిప్పన్ ప్రారంభించాడు. ఆ శతాబ్దం చివరికి కంపెనీ చేతిలో వెయ్యి గుర్రాలు, 166 బండ్లు, 19 మైళ్ళ పట్టాలు. వెయ్యి గుర్రాలంటే మాటలు కాదు కదండీ, మేత, నీళ్ళు, లాయాలు, వైద్యం, పేడ ఎత్తడం, పైగా కలకత్తా ఎండ, ఉక్క. మధ్యలో ఆవిరి ఇంజన్లు కూడా పెట్టి చూశారు. ఆఖరికి 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి కిదిర్‌పూర్ దాకా కరెంటు ట్రాం నడిచింది, అక్కడి నుంచి గుర్రాలకి విముక్తి.

ఎలా నడుస్తుందో రెండు మాటలు చెప్తాను, ఇక్కడ పిల్లలు కూడా ఉన్నారు కదా. పైన ఒక తీగ, అందులో 550 వోల్టుల డీసీ కరెంటు. బండి నెత్తి మీద నుంచి పొడుగాటి ట్రాలీ పోల్ ఒకటి ఆ తీగని ఒరుసుకుంటూ వస్తుంది, కరెంటు దాంట్లోంచి మోటార్లకి దిగి, చక్రాల్లోంచి పట్టాల్లోకి వెళ్ళి వెనక్కి పోతుంది. డ్రైవర్‌కి స్టీరింగ్ ఉండదు, ఒక హ్యాండిల్ తిప్పితే వేగం పెరుగుతుంది, పాదంతో నొక్కితే గంట మోగుతుంది. ఒక్కోసారి పోల్ తీగ మీద నుంచి జారిపోతుంది, లైట్లు పోతాయి, ఫ్యాన్లు ఆగుతాయి, కండక్టర్ దిగి వెనకాల వేలాడే తాడు పట్టుకుని పోల్‌ని మళ్ళీ తీగకి తగిలిస్తాడు, ఎవరూ కంగారు పడరు. రెండు దారులు చీలే చోట ఇనప ఊచతో పట్టా మారుస్తారు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లితే రాపిడి చాలా తక్కువ, రబ్బరు టైరుతో పోలిస్తే ఎంతో తక్కువ, అందుకే అంత బరువు బండి అంత తక్కువ కరెంటుతో కదులుతుంది. అదే గుణం బ్రేకు వేసేటప్పుడు ఇబ్బంది పెడుతుంది, వానలో జారుతుంది, అందుకని పట్టాల మీద ఇసక పడే ఏర్పాటు ఉంటుంది. పొగ లేదు, డీజిల్ లేదు. ఇవాళ ఎలక్ట్రిక్ బస్సు కొత్త వింత అన్నట్టు ప్రకటనలిస్తున్నాం, కలకత్తా జనం 1902 నుంచీ కరెంటు బండిలో ఆఫీసుకి వెళ్తున్నారు.

బండికి రెండు పెట్టెలుండేవి, ముందుది ఫస్ట్ క్లాస్, వెనకది సెకండ్ క్లాస్. తేడా ఏంటంటే ముందు పెట్టెలో ఫ్యాన్లు, సీట్లు కాస్త బాగుంటాయి, టికెట్టు రవ్వంత ఎక్కువ. కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ కలిపి 200 మంది దాకా పట్టేవాళ్ళు. పొద్దున్నే వెళ్తే వెనక పెట్టెలో కూరగాయల గంపలు, పూల మూటలు, ఇళ్ళల్లో పనికెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళ ఊసులు, ఆ రోజు బజార్లో చేప ధర ఎంతో మీరు అడక్కుండానే తెలిసిపోయేది. పది గంటల వేళకి గుమాస్తాలు. మధ్యాహ్నం ముసలివాళ్ళు, ఎండ తగలకుండా కిటికీ షట్టర్ దించుకుని పేపర్ చదువుకుంటూ. సాయంత్రం కాలేజీ పిల్లలు.

శ్యాంబజార్ నుంచి ఎస్ప్లనేడ్ వెళ్ళే 5వ నంబరు ట్రాం కాలేజ్ స్ట్రీట్ మీదుగా పోతుంది. ఆ వీధి చూసినవాళ్ళకి తెలుసు, ఒకవైపు ప్రెసిడెన్సీ, కలకత్తా యూనివర్సిటీ, ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాల కొట్లు, ఆ మధ్యలోంచి ట్రాం మెల్లగా వెళ్తుంటుంది, కిటికీలోంచి చూస్తే పుస్తకాల అట్టలు కనిపిస్తాయి, పేర్లు చదువుకోవచ్చు, కావాల్సిందేదో కనబడితే దిగిపోవచ్చు. నేను అలా దిగి కొన్నవి ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. మెట్రోలో వెళ్తే అదే దూరం నిమిషాల్లో అయిపోతుంది, నేనూ ఎక్కుతాను, మెట్రో మీద నాకు కోపం లేదు, కానీ భూమి కింద నుంచి వెళ్తే ఊరు కనబడదు, కొట్టువాడికి మీరు కనబడరు. ట్రాం వెళ్ళే వీధిలో చిన్న చిన్న కొట్లు ఎందుకు నిలబడతాయంటే రోజూ అదే బండి, అదే స్టాపు, అవే మొహాలు. బస్సు రూటు ఎవరో ఆఫీసరు ఒక్క సంతకంతో మార్చెయ్యగలడు. పట్టా వేశాక అంత తేలిగ్గా మార్చలేరు, ఆ ధైర్యంతోనే ఒకడు అక్కడ టీ కొట్టు పెడతాడు, ఇంకొకడు ఇల్లు అద్దెకి తీసుకుంటాడు.

ఆ ఊరు ట్రాంని ఎంత తనది అనుకుందో చెప్పడానికి 1953 జులై సంగతి చెప్పాలి. మద్రాసులో ట్రాం ఆగిన మూడు నెలలకే ఇది. కంపెనీ అప్పటికింకా ఇంగ్లీషు వాళ్ళదే, సెకండ్ క్లాస్ టికెట్టు మీద ఒక్క పైసా పెంచింది. పెంచింది ఒక్క పైసానే! ఊరు లేచిపోయింది. జనం పెంచిన పైసా ఇవ్వకుండా పాత రేటే ఇస్తామని కూర్చున్నారు, బహిష్కరించారు, హర్తాళ్ళు, లాఠీలు, కాల్పులు, ట్రాంలు కూడా తగలబెట్టారు, అది నేను సమర్థించను. ఆఖరికి ప్రభుత్వం దిగొచ్చి ఆ పెంపు ఆపించింది. ఒక్క పైసా ఏంటి అని మనకిప్పుడు అనిపిస్తుంది, కానీ దేశ విభజన అయిన కొత్త, తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది కట్టుబట్టలతో వచ్చి సియాల్దా చుట్టూ పడున్న రోజులు, రోజుకి రెండుసార్లు ఎక్కేవాడికి అది నెల తిరిగేసరికి బియ్యం డబ్బు. రేటు తక్కువగా ఉండడమే ఆ బండి ప్రాణం అని ఆ జనానికి తెలుసు.

తర్వాత 1967లో యాజమాన్యం ప్రభుత్వం చేతికొచ్చింది, 1976లో పూర్తిగా జాతీయం చేశారు. అప్పటికే హౌరా వైపు పట్టాలు మూతపడ్డాయి. 1943లో హౌరా బ్రిడ్జి మీద మొదలైన ట్రాం 1993లో ఆగింది, బ్రిడ్జికి బరువెక్కువ అయిపోయిందని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కలకత్తాలో చాలా పెద్ద రోడ్ల మీద ట్రాంకి రోడ్డు మధ్యలో విడిగా చోటుండేది. రాష్‌బిహారీ అవెన్యూ లాంటి చోట్ల మధ్యలో గడ్డి, పక్కన చెట్లు, ఆ గడ్డిలో పట్టాలు. కార్లు అటూ ఇటూ వెళ్ళేవి, ఆ మధ్య చోటులోకి రావు. మనం రోడ్డు సగం దాటి ఆ గట్టు మీద నిలబడితే చాలు, బండి వచ్చి ఆగుతుంది, పిల్లని చంకనేసుకున్న తల్లయినా, మోకాళ్ళ నొప్పుల ముసలాయనయినా నిదానంగా ఎక్కుతారు. రోడ్డు జామ్ అయినా ట్రాం పోతూనే ఉండేది.

2000 తర్వాత ఏం చేశారంటే, పట్టాలు బాగుచేస్తున్నాం అని చెప్పి ఆ గడ్డి తీసేసి, గట్టు తీసేసి, మొత్తం కాంక్రీటు పోసి రోడ్డుతో సమానం చేసేశారు. పట్టాలు నిజంగానే బాగుపడ్డాయి, ఊపు తగ్గింది, చప్పుడు తగ్గింది. కానీ ఆ చోటులోకి కార్లు, ఆటోలు, మినీ బస్సులు అన్నీ వచ్చేశాయి. ఒక్కసారి ఆలోచించండి, ఇప్పుడు ట్రాం ఎక్కాలంటే ఎక్కడ నిలబడాలి? ఫుట్‌పాత్ మీద నిలబడి, ట్రాం వస్తుంటే చెయ్యి చూపిస్తూ, దూసుకొచ్చే బస్సుల మధ్యలోంచి నడిరోడ్డు మీదకి పరిగెత్తాలి. ముసలివాళ్ళు మానేశారు. తల్లులు మానేశారు. అంటే ఎవరి కోసం ఆ బండి ఉందో వాళ్ళే మొదట మానేశారు. ఇక ట్రాం ముందు ఎవరో ఒకరు కారు ఆపుకుని అరటిపళ్ళు కొనుక్కుంటుంటే ట్రాం పక్కకి తప్పుకుని పోలేదు కదా, గంట కొట్టుకుంటూ నిలబడుతుంది, దాని వెనక ఇంకో రెండు. ఆలస్యమైతే జనం తగ్గుతారు, జనం తగ్గారని బండ్లు తగ్గిస్తారు, బండ్లు తగ్గితే అరగంట నిలబడాలి, ఇక ఎవరెక్కుతారు? అప్పుడు లెక్కలు తీసి చూపిస్తారు, చూడండి ఎవరూ ఎక్కట్లేదు, నష్టం వస్తోంది, ఇది ట్రాఫిక్‌కి అడ్డం అని. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అచ్చం అదే.

ఫ్లై ఓవర్ కడుతున్నాం అని ఒక రూటు, మెట్రో తవ్వుతున్నాం అని ఇంకో రూటు, బ్రిడ్జి పాతబడింది అని మరోటి, తాత్కాలికంగా ఆపుతున్నాం అన్నవి మళ్ళీ తెరవలేదు. కొన్ని చోట్ల పట్టాల మీద తారు పోసేశారు. బండి నడిచేటప్పుడు నేను ఎక్కిన స్టాపుల్లో కొన్నిటి దగ్గర ఇవాళ నిలబడితే కింద పట్టా ఉందని ఎవరికీ తెలియదు, పైన స్కూటర్లు పార్క్ చేసుంటాయి. నాకు చాలా కష్టంగా ఉంటుంది అది చూస్తే.

2023లో ట్రాంకి 150 ఏళ్ళ పండగ చేశారు. 2024 సెప్టెంబర్లో రాష్ట్ర రవాణా మంత్రి ప్రకటించారు, మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ఒక్క హెరిటేజ్ రూటు ఉంచి మిగతావి ఆపేస్తాం అని. కేసు కలకత్తా హైకోర్టులో నడుస్తోంది, పట్టాల మీద తారు పోయడం ఆపమని కోర్టు చెప్పింది కూడా. ట్రాం ప్రయాణికుల సంఘం వాళ్ళు, అందులో పెద్దవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు, ప్లకార్డులు పట్టుకుని డిపోల ముందు నిలబడుతున్నారు.

ప్రభుత్వం చెప్పిన కారణం ఏంటంటే కలకత్తా విస్తీర్ణంలో రోడ్లు 6 శాతమే, అంత ఇరుకులో ట్రాం నడపలేం అని. ఆ 6 శాతం మాటని నేను కాదనను. ఆ ఊరు ఇరుకే, నేను బతికిన ఊరది. కానీ చోటు తక్కువుంటే ఎవరికి ముందు ఇవ్వాలండి? ఇంట్లో ఒకటే గది ఉంటే పదిమంది పడుకోవడానికి ఇస్తామా, ఒక్కడు మంచం వేసుకోవడానికి ఇస్తామా? ఒక ట్రాం పొడుగులో నాలుగైదు కార్లు పడతాయి, వాటిల్లో అందరూ కలిపినా పదిమంది ఉండరు, ఎక్కువ కార్లలో డ్రైవర్ కాక ఒక్కడే ఉంటాడు. రోడ్లు తక్కువున్న ఊళ్ళోనే పెద్ద బండి ఉండాలి. 6 శాతం అన్న లెక్క ట్రాం ఉంచడానికి కారణం, తియ్యడానికి కాదు.

సరే, ఉంచుకున్న ఊరు ఎలా ఉంచుకుందో కూడా చెప్పాలి కదా, మెల్‌బోర్న్. మీలో చాలామంది పిల్లలు అక్కడున్నారు, మా అమ్మాయీ అక్కడే ఉంది. ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాం వ్యవస్థ అది, సుమారు 250 కిలోమీటర్ల దారి, 1,700 పైగా స్టాపులు. ఆ ఊరికీ 1950ల్లో అదే ఒత్తిడి వచ్చింది, తీసెయ్యండి తీసెయ్యండి అని. అప్పుడు ట్రాం బోర్డుకి ఛైర్మన్ రాబర్ట్ రిసన్ అని ఒక మిలిటరీ ఇంజనీరు, 1949 నుంచి 1970 దాకా ఆయనే. ఆయన ఏం చేశాడంటే పట్టాలని గట్టి కాంక్రీటులో వేయించాడు, తీద్దామన్నా తియ్యడానికి బోలెడు ఖర్చయ్యేలాగ. చూడండి, కాంక్రీటు అక్కడా పోశారు, కలకత్తాలోనూ పోశారు. ఒక చోట ట్రాం నిలబడింది, ఇంకో చోట పడిపోయింది. తేడా కాంక్రీటులో లేదు, ఆ తర్వాత దాని మీద ఎవరిని రానిచ్చారు అన్నదాంట్లో ఉంది.

మెల్‌బోర్న్ నడి ఊళ్ళో కారు కుడి పక్కకి తిరగాలంటే రోడ్డు మధ్యలోకి వచ్చి ఆగకూడదు, ఎడమ అంచుకి వెళ్ళి, అక్కడ ఆగి, సిగ్నల్ మారాక తిరగాలి. హుక్ టర్న్ అంటారు. మొదటిసారి డ్రైవింగ్ చేసే మన పిల్లలు దడుచుకుంటారు. ఎందుకీ తిప్పలు అంటే మధ్యలో ట్రాంకి అడ్డం రాకూడదని, అంతే. ఇంకొకటి, రోడ్డు మీదే జనం దిగే స్టాపుల్లో ట్రాం ఆగి తలుపులు తెరుచుకుంటే వెనక కార్లన్నీ ఆగాల్సిందే, జనం ఫుట్‌పాత్ చేరేదాకా కదలకూడదు, కదిలితే జరిమానా. మా అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు నేను ఇది చూసి అక్కడే నిలబడిపోయాను. ఒక ముసలావిడ కర్ర పట్టుకుని మెల్లగా దిగి రోడ్డు దాటుతోంది, అటు వరసగా కార్లు ఆగున్నాయి, ఒక్కళ్ళు హారన్ కొట్టలేదు. నడి ఊళ్ళో 2015 నుంచీ ట్రాం ఫ్రీ కూడా.

అక్కడా అన్నీ బాగున్నాయని చెప్పను. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కొనుక్కున్న టార్నీట్, పాయింట్ కుక్ వైపు ట్రాం లేదు, వాళ్ళు కారుకో రైలుకో వెళ్ళాలి, ఊరు పెరిగినంత వేగంగా పట్టాలు పెరగలేదు. అది ఆ ఊరి లోటు. ఆ ఊరి ట్రాం మనుషులకీ కలకత్తా ట్రాం మనుషులకీ మాత్రం 1996 నుంచీ స్నేహం ఉంది, ట్రాంజాత్రా అని పండగ చేస్తారు, ఒక బండికి రంగులేసి పాటలు పాడుకుంటూ ఊళ్ళో తిప్పుతారు. మెల్‌బోర్న్ కండక్టరుగా చేసిన ఆయన వచ్చి కలకత్తా ట్రాంలో నిలబడితే జనం సొంత మనిషిలా చూస్తారు.

తీసేసి మళ్ళీ పెట్టుకున్న ఊళ్ళూ ఉన్నాయి. సిడ్నీ 1961లో ఆపేసింది, 2019లో నడిబొడ్డున జార్జ్ స్ట్రీట్‌లో మళ్ళీ వేసుకుంది, ఎంత ఖర్చయిందో వాళ్ళనే అడగాలి. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బూర్ 1960లో తీసేసింది. 1989 మున్సిపల్ ఎన్నికల్లో అక్కడ పెద్ద గొడవ, భూమి కింద మెట్రో కావాలా పైన ట్రాం కావాలా అని. కొట్ల వాళ్ళు ఎక్కువమంది మెట్రో వైపే, పైన కార్లు అలాగే ఉంటాయి కదా అని. ట్రాం పెడతానన్న కాథరీన్ ట్రౌట్‌మన్ మేయర్ అయింది, 1994లో ట్రాం వచ్చింది, ఊరి మధ్య చౌకులోంచి కార్లు తీసేసి నడిచేవాళ్ళకి ఇచ్చేసింది. ఇప్పుడా ట్రాం నది దాటి జర్మనీలోకి కూడా వెళ్తుంది. ఓట్లు పోతాయని ఆవిడ భయపడుంటే ఇవాళ ఆ ట్రాం లేదు.

ఏమైనా అడుగుతారా? ఆ చివర ఎవరో చెయ్యెత్తారు... అడగండి బాబూ.

(సభలో ఒకరు: బైకులు పట్టాల మీద జారి పడుతున్నాయి కదండీ, ఒక ట్రాం చెడిపోతే వెనకవన్నీ ఆగిపోతాయి కదా?)

రెండూ నిజమే. వానలో పట్టా మీద టైరు జారుతుంది, చక్రం గాడిలో పడుతుంది, పడి దెబ్బలు తగిలినవాళ్ళున్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ బైకు ట్రాం దారిలోకి ఎందుకొచ్చింది? గడ్డి, గట్టు ఉన్నన్నాళ్ళు రాలేదు కదా. పట్టా దాటే చోట అడ్డంగా దాటాలి, ఏటవాలుగా వెళ్తే పడతారు, అది నేర్పాలి. ఇక బండి చెడిపోవడం, పాత బండ్లని నడిపిస్తూ కొత్తవి కొనకుండా ఉంటే చెడిపోతాయి. కలకత్తాలో నోనాపుకూర్ ట్రాం వర్క్‌షాపులో ఎన్నో ఏళ్ళ బండ్లని చేత్తో విప్పి చేత్తో బిగించే మేస్త్రీలున్నారు, వాళ్ళ పనితనం మీద ఆ బండ్లు నడుస్తున్నాయి. వాళ్ళు రిటైరైపోతున్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి కొత్తవాళ్ళని పెట్టట్లేదు. బండి చెడిపోతోంది అనే ముందు ఈ సంగతి కూడా చెప్పాలి.

(ఇంకొకరు: మరి మన వైజాగ్‌లో ట్రాం పెట్టొచ్చంటారా?)

అమ్మా, మన ఊరికి మెట్రో ప్లానే స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా అని ఎన్నో ఏళ్ళుగా నలుగుతోంది, వస్తే మంచిదే. ట్రాం కొండల మీద ఎక్కలేదు అనుకోకండి, ఒక మోస్తరు ఎత్తు ఎక్కుతుంది. కానీ నన్నడిగితే ట్రాం కంటే ముందు ఇంకో పని ఉంది. పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు కదా, మధ్యలో బస్సులకని విడిగా లేన్లు పెట్టారు. నిన్న ఆ దారిలోనే వచ్చాను. ఆ లేన్లలో ఏమున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు వాటిల్లో బస్సులు నడవనివ్వండి. ఒక్క ఏడాది, కార్లూ ఆటోలూ రాకుండా, స్టాపుల్లో పెద్దవాళ్ళు భయం లేకుండా రోడ్డు దాటేలాగ, పది నిమిషాలకో బస్సు ఉండేలాగ, కార్పొరేటర్లని అడగండి, పోలీసుల్ని అడగండి, ఆర్టీసీ వాళ్ళని అడగండి, నలుగురు కలిసి వెళ్ళి అడగండి. అది చేసి చూపించిన రోజున నాకు కబురు పెట్టండి, పట్టాలు ఎక్కడెక్కడ వెయ్యాలో మాట్లాడుకుందాం, హౌరా మెయిల్ ఎక్కి వచ్చేస్తాను. నమస్కారం అండి.